కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పేపర్ ఎట్ల చదవాలె: డిగ్రీ ఫస్టియర్ తమ్ముళ్లకు, చెల్లెండ్లకు

నల్గొండ ఎంజీయూ (మహాత్మా గాంధీ యూనివర్సిటీ) కిందికొచ్చే కాలేజీలైనా, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీ కిందికొచ్చే కాలేజీలైనా, కంప్యూటర్స్ గ్రూప్ తీసుకున్న పిల్లలు అడిగేది ఒక్కటే, అన్నా ఈ ఆర్కిటెక్చర్ అస్సలు ఎక్కుతలేదు, యాడికెళ్లి మొదలువెట్టాలె అని. సీ లాంగ్వేజ్ అయితే రన్ కొడితే స్క్రీన్ మీద ఏదో ఒకటి కనవడ్తది, ఇందుల ఏమో అన్నీ డబ్బాలు, డబ్బాల నడుమ బాణాలు, ఆ బొమ్మల్ని జిరాక్స్ నోట్సుల చూసి బట్టీ కొట్టుడు. నేనైతే చెప్పేది ఏందంటే, సిలబస్ వరుసల చదవకు. మొదట్ల వచ్చే కంప్యూటర్ జనరేషన్లు, వాక్యూమ్ ట్యూబులు అన్నీ ఎగ్జామ్ ముందు రోజు చూసుకున్నా నడుస్తది. ముందుగాల హెక్సా, అంటే పదహారు అంకెలతోని నంబర్లు రాసే పద్ధతి, ఆ తర్వాత ఒక చిన్న ప్రోగ్రామ్‌ని కాయిదం మీద నువ్వే సీపీయూ అయి నడిపియ్యాలె. మిగిలిందంతా దానికే తగులుకుంటది.

హెక్సాకు పెద్ద కథేం లేదు. 0 నుంచి 15 దాక నాలుగు బిట్లల్ల రాసి పక్కన హెక్సా అంకె రాస్కో, 10కి ఏ, 11కి బీ, అట్ల 15కి ఎఫ్, ఆ చిట్టీ హాస్టల్ రూమ్ గోడకు అతికించు. ఎంత పొడుగు బైనరీ ఉన్నా కుడి దిక్కు నుంచి నాలుగేసి బిట్లు విడగొట్టి ఆ చిట్టీ చూసి రాసుడే, భాగాహారాలు చెయ్యనక్కర్లేదు. నెగెటివ్ నంబర్ల కాడ చానా మంది ఆగిపోతరు, అక్కడ కూడ ఒక్క ఉదాహరణ చాలు. 37ని 8 బిట్లల్ల రాస్తే 0010 0101, బిట్లన్నీ తిప్పితే 1101 1010, దానికి 1 కలిపితే 1101 1011, గిదే మైనస్ 37. కరెక్టా కాదా అని డౌట్ వస్తే 37నీ దీన్నీ కలిపి చూడు, ఎనిమిది బిట్లూ సున్నలైతయి, ఒక క్యారీ బయటికి పోతది. తీసివేతకు వేరే సర్క్యూట్ ఎందుకు అక్కర్లేదో అప్పుడు నీకే తెలుస్తది, కూడిక సర్క్యూట్‌తోనే పని అయిపోతది.

ఇగ అసలు పని. 8085 అనే ప్రాసెసర్ తీస్కో. 1976ల ఇంటెల్ తెచ్చిన 8 బిట్ చిప్పు, గింత పాతది ఇప్పుడెందుకన్నా అంటరు గని, మొత్తం ఒక తావు మీద పట్టేంత చిన్నది, అందుకే నేర్చుకోనీకి మంచిది. అడ్రస్ లైన్లు 16, అంటే పదహారు రెండులని ఒకదానితోని ఒకటి గుణిస్తే 65,536 అడ్రస్‌లు, అదే 64 కేబీ. కాయిదం మీద ఇది రాయి, నంబర్లన్నీ హెక్సానే:

2000 కాడ: 3ఈ 25, అంటే ఎంవీఐ ఏ, 25 (అక్యుములేటర్‌ల 25 వెయ్యి)
2002 కాడ: సీ6 1బీ, అంటే ఏడీఐ 1బీ (దానికి 1బీ కలుపు)
2004 కాడ: 32 50 20, అంటే ఎస్‌టీఏ 2050 (జవాబుని 2050 కాడ రాయి)
2007 కాడ: 76, అంటే హెచ్‌ఎల్‌టీ (ఆగు)

దీని కింద కాలమ్స్ గియ్యి: ప్రోగ్రామ్ కౌంటర్ (తర్వాత చదవాల్సిన అడ్రస్), అడ్రస్ బస్ (అడ్రస్ పోయే తీగలు), డేటా బస్ (డేటా పోయే తీగలు), ఇన్‌స్ట్రక్షన్ రిజిస్టర్ (ఇప్పటి ఆర్డర్ ఉండే జాగ), అక్యుములేటర్ (లెక్క జవాబు ఉండే జాగ), ఫ్లాగ్స్ (జవాబు ఎట్లుందో చెప్పే బిట్లు). మొదట్ల కౌంటర్‌ల 2000 ఉంటది. అది అడ్రస్ బస్ ఎక్కుతది, మెమరీ నుంచి డేటా బస్ మీద 3ఈ వస్తది, ఇన్‌స్ట్రక్షన్ రిజిస్టర్‌ల కూసుంటది, కౌంటర్ 2001 అయితది. డీకోడ్ చేస్తే తెలిసేది ఏందంటే తర్వాతి బైట్ అక్యుములేటర్‌ల వెయ్యాలె అని, ఇగ 2001 నుంచి 25 చదివి ఏసేస్తది, కౌంటర్ 2002. తర్వాత సీ6, దాని ఎన్క 1బీ, కూడితే 40. 5కి బీ కలిపితే పదహారు, కాబట్టి కింది నాలుగు బిట్ల నుంచి పైకి క్యారీ పోయింది, ఆక్సిలరీ క్యారీ ఫ్లాగ్ 1, మామూలు క్యారీ 0, జీరో ఫ్లాగ్ 0. ఆఖరుకు 32 వస్తది, ఇక్కడ జర పైలం, అడ్రస్ 2050 గని మెమరీల 50 ముంగట, 20 ఎన్క, ఎందుకంటే ఇంటెల్‌ల కింది బైట్ ముందు పెడ్తరు. ఆ రెండు చదివినంక 2050ని అడ్రస్ బస్ మీద పెట్టి, 40ని అందుల రాస్తది.

ఇప్పుడు టైమ్ లెక్క కూడ నువ్వే చెయ్యొచ్చు, టేబుల్ బట్టీ కొట్టనక్కర్లేదు. ఈ ప్రోగ్రామ్‌ల మొదటి మూడింట్ల ఓపీకోడ్ (ఆర్డర్ నంబర్) తెచ్చుకోనీకి 4 టీ స్టేట్స్ (క్లాక్ టిక్కులు), ఆ తర్వాత ఒక్కో మెమరీ చదువుడుకో రాసుడుకో 3. ఎంవీఐకి 4 ప్లస్ 3, ఏడు. ఏడీఐకి అంతే. ఎస్‌టీఏకి 4 ప్లస్ 3 ప్లస్ 3 ప్లస్ 3, పదమూడు. ఈ మూడింటికి మొత్తం 27. క్లాక్ 3 మెగాహెర్ట్జ్ అనుకుంటే 9 మైక్రోసెకన్లు. ఎగ్జామ్‌ల టైమింగ్ డయాగ్రామ్ అడిగితే కూడ ఇదే లెక్క, ఏ మెషీన్ సైకిల్ తర్వాత ఏది వస్తదో నీ కాలమ్స్‌లనే ఉంది, బొమ్మ గియ్యుడే మిగిలింది.

నాకు మస్తు ఇష్టమైన ముచ్చట ఇంకోటుంది. కౌంటర్ పొరపాటున 2000 బదులు 2001కి పోతే ఏమైతది? అక్కడున్న 25ని సీపీయూ ఆర్డర్ అనుకుంటది, 8085ల 25 అంటే హెచ్ రిజిస్టర్‌ల నుంచి ఒకటి తగ్గియ్యి అని. డేటా, ఆర్డర్లు రెండూ ఒకే మెమరీల ఒకే తీరుగ ఉంటయి, ఏది ఏదో చెప్పే గుర్తేం ఉండదు, కౌంటర్ యాడ ఉంటే అదే ఆర్డర్. వాన్ న్యూమన్ 1945ల ఎడ్వాక్ మెషీన్ గురించి రాసిన రిపోర్టుల చెప్పింది గీ పద్ధతే, స్టోర్డ్ ప్రోగ్రామ్ అని ఐదు మార్కులకు అడుగుతరు కదా, ఈ ఉదాహరణ రాసి చూడు.

కాయిదం మీద అయినంక జీఎన్‌యూసిమ్ 8085 అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంటది, అందుల ఒక్కో స్టెప్ నడిపి నీ కాలమ్స్‌తోని కలుస్తుందా చూడు. ముందే సాఫ్ట్‌వేర్ తెరవకు, అది చేసి పెడ్తుంటే చూస్తవు, అర్థమైనట్టే అనిపిస్తది, రేపు ఎగ్జామ్ హాల్‌ల పెన్ను కదలది.

లాజిక్ గేట్లు మాత్రం ల్యాబ్‌లనే చెయ్యాలె. 7400 ఐసీ తీస్కుంటే 14 పిన్నులు, 14కి 5 వోల్టులు, 7కి గ్రౌండ్, లోపట నాలుగు నాండ్ గేట్లు (రెండు ఇన్‌పుట్లూ 1 అయితేనే 0 ఇచ్చేవి). సరిగ్గ నాలుగు నాండ్‌లతోని ఎక్సార్ (ఇన్‌పుట్లు వేరేవేరే ఉంటేనే 1 ఇచ్చే గేటు) అయితది, అంటే ఒక్క ఐసీల పని అయిపోయింది. హాఫ్ యాడర్ (రెండు బిట్లని కలిపే సర్క్యూట్) కావాలంటే క్యారీ కోసం ఇంకో నాండ్ పడ్తది, అప్పుడు రెండో ఐసీ అడుగు. వైర్లు పెట్టేటప్పుడు సప్లై బంద్ చేసి పెట్టు, 7, 14 తారుమారైతే ఐసీ వేడెక్కి పోతది.

పైప్‌లైన్, అంటే ఒక ఆర్డర్ పూర్తయ్యేలోపే తర్వాతిది మొదలువెట్టుడు, అర్థం కాకపోతే మిర్యాలగూడ పోయి ఒక్క రైస్ మిల్లు చూడు. ఒక దాంట్ల వడ్లు శుభ్రమైతుంటయి, ఇంకో దాంట్ల పొట్టు పోతుంటది, ముంగట పాలిష్, ఆఖరుకు బస్తాలల్ల నింపుడు, ఒక బస్తా వడ్లు మొత్తం అయ్యేదాక రెండోది ఆగదు, అన్ని మెషీన్లు ఒకేసారి నడుస్తయి. ఒక్క బస్తాకు పట్టే టైమ్ తగ్గదు గని గంటకు వచ్చే బస్తాలు పెరుగుతయి, చానా మంది ఎగ్జామ్‌ల ఈ తేడానే రాయరు. ఇప్పుడు సాంబ మసూరి బదులు వేరే రకం వడ్లు పోసిన్రని నడుమల తెలిసిందనుకో, లోపటున్నదంతా తీసెయ్యాలె కదా, బ్రాంచ్ ఇన్‌స్ట్రక్షన్‌ని (వేరే జాగకు దుంకమనే ఆర్డర్) తప్పు దిక్కు అనుకుంటే సీపీయూ కూడ సగం అయినవాటిని అట్లనే పడేస్తది.

క్యాష్ మెమరీకి, అంటే సీపీయూ పక్కనుండే చిన్న, జల్ది మెమరీకి, ఒక్క లెక్క చాలు. క్యాష్‌ల చూసుడుకు 2 నానోసెకన్లు, దొరకకపోతే ర్యామ్‌కు పోవుడుకు ఇంకో 100 అనుకో. వందల 95 సార్లు దొరికితే సగటు 2 ప్లస్ 5, ఏడు. 99 సార్లు దొరికితే మూడు. నాలుగు శాతం తేడాకే టైమ్ సగం కన్నా తక్కువైతది. నీ ల్యాప్‌టాప్‌ల కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్ తెరుచుకుంటే పర్ఫార్మెన్స్‌ల సీపీయూ చూడు, ఎల్1, ఎల్2, ఎల్3 క్యాష్‌లు ఎంతెంత ఉన్నయో కనవడ్తయి. అక్కడే డిస్క్ కూడ చూస్కో, 1 టీబీ అని కొన్నది సుమారు 931 జీబీనే చూపెడ్తది, షాపోడు మోసం చేసిండని కొట్లాటకు పోకు, కంపెనీ వెయ్యితోని లెక్కవెడ్తది, విండోస్ 1024తోని లెక్కవెడ్తది, అంతే.

ఇంకా వీలైతే క్లాక్ టవర్ దిక్కు రిపేర్ షాపులల్ల ఒక పాడైన డెస్క్‌టాప్ అడిగి తెచ్చుకో. ప్లగ్ తీసి, పవర్ బటన్ రెండు మూడు సార్లు నొక్కి, ఆ తర్వాతే మూత తియ్యి. ర్యామ్ పీకి చూడు, డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288, గాటు కూడ వేరే జాగల ఉంటది, ఒకదాంట్ల ఇంకోటి పట్టది. టైమ్ ప్రతిసారి పాతదానికే పోతుందంటే బోర్డు మీద గుండ్రటి సీఆర్2032 సెల్లు అయిపోయినట్టు, కొత్తది ఎయ్యి. ఎస్‌ఎంపీఎస్ (కరెంట్ సప్లై) డబ్బా మాత్రం విప్పకు, ప్లగ్ తీసినా లోపటి కెపాసిటర్లల్ల కరెంట్ ఉంటది, షాక్ కొడ్తది.

వైవాకు పోయేటప్పుడు ఆ కాలమ్స్ కాయిదం రికార్డుల అతికించి పో. సార్ ప్రోగ్రామ్ కౌంటర్ అంటే ఏంది అని అడిగితే డెఫినిషన్ అప్పజెప్పకు, ఆ కాయిదం తెరిచి 2000 కాన్నుంచి చెప్పుడు మొదలువెట్టు.