పానగల్లు నీడను ఫోన్‌లో పట్టాలంటే

నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి ఫోన్‌తో వెళ్తున్నారా? ముందు ఆ ఫోన్ అతితెలివిని కాస్త తగ్గించండి. ఇప్పటి ఫోన్లు ఒక్క నొక్కుకి చాలా ఫ్రేములు తీసి, కలిపి, చీకటిగా ఉన్నచోటల్లా వెలుగు నింపేస్తాయి. గర్భగుడిలో పగలంతా కనిపించే స్తంభం నీడ కోసమే కదా మనం వెళ్లింది, అది కాస్తా వెలిసిపోతుంది. నైట్ మోడ్, హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడాను తగ్గించే సెట్టింగ్) ఆపండి. స్క్రీన్ మీద వెలుగున్న గోడ దగ్గర వేలు నొక్కిపెట్టి ఫోకస్ లాక్ చేసి, సూర్యుడి గుర్తును కిందికి జరపండి. ఫ్లాష్ అసలొద్దు. (లోపల ఫొటో తీయొచ్చా అని పూజారి గారిని ముందే అడగండి.)

తర్వాత ఎడిటింగ్‌లో అడ్డమొచ్చిన జనాన్ని, వైర్లను ఏఐతో చెరిపేస్తారో లేదో మీ ఇష్టం, నేనైతే నీడ జోలికి పోను.

కెమెరాలో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునేది) ఉంటే రా ఫైల్ (ఫోన్ పెద్దగా మెరుగులు దిద్దని అసలు ఫొటో డేటా) కూడా తీసి దాచుకోండి, చాలా ఫోన్లలో అది డీఎన్‌జీ అనే రకం ఫైల్‌గా సేవ్ అవుతుంది. సైజు పెద్దదే, కానీ ఏఐ బొమ్మలు ఇంతగా తిరుగుతున్నప్పుడు "ఇది నేను తీసిందే" అని చూపించడానికి బాగా పనికొస్తుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, ఫొటోగా పంపితే కుదించేస్తుంది.