సర్వీస్ ఓటరుగా పేరు నమోదు, ఈటీపీబీఎస్‌లో ఓటు: దరఖాస్తు విధానం

సైన్యంలో, సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి బలగాల్లో ఉన్నవాళ్లు పోలింగ్ రోజున సొంతూరికి రావడం దాదాపు కుదరదు. ఇలాంటివాళ్లనే సర్వీస్ ఓటర్లు అంటారు. వాళ్ల కోసమే ఈటీపీబీఎస్, అంటే ఎలక్ట్రానిక్‌గా పంపే పోస్టల్ బ్యాలెట్ పద్ధతి. బ్యాలెట్ ఆన్‌లైన్‌లో యూనిట్‌కు వెళ్తుంది, వేసిన ఓటు మాత్రం పోస్టులోనే రావాలి. 2016లో పుదుచ్చేరిలోని నెల్లితోపు ఉప ఎన్నికలో దీన్ని తొలిసారి వాడారు. చాలామంది సైన్యంలో ఉన్న మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో ఈ విషయం ప్రతి ఇంటికీ తెలియాలి.

ముందు ఫారం-2 నింపి యూనిట్‌లో ఇవ్వాలి. సొంత రాష్ట్రం బయట పనిచేసే రాష్ట్ర సాయుధ పోలీసులకు ఫారం-2ఏ, విదేశాల్లో పోస్టింగ్‌లో ఉన్న కేంద్ర ఉద్యోగులకు ఫారం-3. చిరునామా దగ్గర సొంతూరిదే రాయాలి. అధికారులు సరిచూసి పంపాక, ఆ నియోజకవర్గ జాబితా చివర్లో ఉండే సర్వీస్ ఓటర్ల భాగంలో పేరు చేరుతుంది. జవానుతో కలిసి ఉంటున్న భార్య లేదా భర్త పేరు కూడా చేర్చవచ్చు. పెద్దవాళ్లైన పిల్లలకు ఈ వీలు లేదు. ఊళ్లో మామూలు ఓటు ఇంకా ఉంటే దాన్ని తీయించాలి, రెండుచోట్లా ఉండకూడదు. చాలామంది పట్టించుకోనిది ఇదే.

ఎన్నికలప్పుడు, అభ్యర్థుల తుది జాబితా ఖరారయ్యాక రిటర్నింగ్ అధికారి బ్యాలెట్‌ను ఆన్‌లైన్‌లో పంపుతారు. ఫైలు తెరవడానికి పిన్ వేరుగా ఉంటుంది. ప్రింట్ తీసి, నచ్చిన అభ్యర్థి ఎదురుగా గుర్తు పెట్టాలి.

ఇక్కడే జాగ్రత్త. బ్యాలెట్ ఒక్కటే లోపలి కవరులో పెట్టి అంటించాలి. ఓటు వేసింది తానేనని తెలిపే 13ఏ డిక్లరేషన్‌పై సంతకం చేసి, అధికారితో ధ్రువీకరణ చేయించి, దాన్ని లోపలి కవరుతో పాటు బయటి కవరులో పెట్టాలి. డిక్లరేషన్ పొరపాటున లోపలి కవరులోకి వెళ్లినా, దానిపై సంతకం లేకపోయినా ఓటు చెల్లదు. సరిహద్దులో ఉన్న మనిషి వేసిన ఓటు ఇంత చిన్న కారణంతో పోతే ప్రాణం ఉసూరుమంటుంది. క్యూఆర్ కోడ్ మీద మడత, మరక పడనివ్వకండి, లెక్కింపులో దాన్నే స్కాన్ చేస్తారు.

కవరుకు స్టాంపు అక్కర్లేదు. లెక్కింపు మొదలయ్యే సమయానికల్లా అందాలి, సాధారణంగా అది ఉదయం 8 గంటలు. బ్యాలెట్ చేతికొచ్చిన రోజే పోస్టు చేయడం మంచిది.

పోస్టు మీద నమ్మకం లేకపోతే, సాయుధ బలగాలవాళ్లు ఫారం-13ఎఫ్‌తో నియోజకవర్గంలో ఉండే ఒకరిని ప్రాక్సీగా, అంటే తమ తరఫున ఓటు వేసే మనిషిగా పెట్టుకోవచ్చు. ఆ ఓటుకు సిరా చుక్క ప్రాక్సీ ఎడమచేతి మధ్యవేలికి వేస్తారు.