జపాన్ పెట్రోలు అయిపోయాక మొదలయ్యే గలగల: దిగుమతి చేసుకున్న టర్బో కారు సమస్యలు, పరిష్కారాలు

జపాన్ నుంచి సొంతంగా పాత టర్బో కారును అమెరికాకి తెప్పించుకున్నవాళ్ళు నాకు ఫోన్ చేస్తే మాటలు దాదాపు ఒకేలా మొదలవుతాయి. "పోర్టు నుంచి ఇంటిదాకా బ్రహ్మాండంగా వచ్చిందండీ, వారం తిరక్కుండా తేడా చేసింది." ఏమేం మార్చారని అడిగితే జాబితా చదువుతారు: ప్లగ్గులు, కాయిళ్ళు, ఫ్యూయల్ పంపు, ఎయిర్‌ఫ్లో మీటర్. ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) మూత తెరిచి చూశారా అంటే మాత్రం అవతల నిశ్శబ్దం. దానికి కావలసింది ఒక చిన్న స్పానరు, ఒక స్క్రూడ్రైవరు, పావుగంట టైము.

వేలం షీటు (జపాన్ వేలంలో కారు స్థితి రాసిచ్చే కాగితం) చదవడం, రాగానే ఆయిలు, బెల్టులు, గొట్టాలు మార్చడం మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌వి, అందులోనూ ఆర్32 తరానివి (ఆర్33, ఆర్34 దాని తర్వాతి తరాలు). నా చేతులు కాలింది దాంతోనే.

కారు పోర్టు దాటి రావడం లేదు

చాలాసార్లు తప్పు నెల దగ్గర జరుగుతుంది. 25 ఏళ్ళు నిండిన కారుకే అమెరికా భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు. ఈ 25 ఏళ్ళ నిబంధనను జనం సంవత్సరాలతో లెక్కేస్తారు. అసలు లెక్క కారు తయారైన నెల నుంచి. ఆర్34 జీటీ-ఆర్ 1999 జనవరిలో వచ్చింది కాబట్టి 2024 జనవరి నుంచి ఏ ఆర్34 అయినా తెచ్చుకోవచ్చని డబ్బు కట్టేసినవాళ్ళున్నారు. 2001 నవంబరులో తయారైన బండికి 2026 నవంబరుదాకా మినహాయింపు రాదు. జపాన్ ఎగుమతి పత్రంలో కనిపించేది మొదటి రిజిస్ట్రేషన్ నెల, అదీ వాళ్ళ శకంలో ఉంటుంది. హైసేయ్ 11 అంటే 11కి 1988 కలపాలి, 1999. దాన్ని 2011 అనుకుని బెంబేలెత్తి ఫోన్ చేసినాయన ఒకరున్నారు.

పరిష్కారం: ఛాసిస్ నంబరుతో కంపెనీ పార్టుల కేటలాగులో తయారీ నెల చూసి, కొనకముందే ప్రింట్ తీసి, హెచ్ఎస్-7 ఫారంతో (దిగుమతి ప్రకటన పత్రం) పాటు పెట్టుకోండి. ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) వాళ్ళ గడువు 21 ఏళ్ళు. అది దాటిన కారు 25 ఏళ్ళ నిబంధన కూడా దాటినట్టు కాదు.

నెల సరిగ్గా ఉన్నా ఆగిందంటే కారు కింద మట్టి ఉందేమో కనుక్కోండి. నవ్వకండి. విదేశీ మట్టి అంటుకున్న బండిని లోపలికి రానివ్వరు. ఓడ ఎక్కించే ముందే అడుగుభాగం ఆవిరితో కడిగించి, ఫోటోలు తీయించుకోండి.

తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదు

బ్యాటరీ. వారాల తరబడి ఓడలో, ఆ తర్వాత పోర్టు యార్డులో పడి ఉన్న కారు ఇది. మీటరు పెట్టి చూడండి. 12 వోల్టుల కిందికి పడిపోయి ఉంటే మిగతా ఆలోచనలన్నీ పక్కనపెట్టి ఛార్జ్ చేయండి. చాలా జపాన్ బ్యాటరీల టెర్మినళ్ళు సన్నగా ఉంటాయి. ఇక్కడి లావు టెర్మినళ్ళ బ్యాటరీ మీద పాత క్లాంపును సుత్తితో దిగ్గొట్టి, అది వదులై, స్టార్టర్ పాడైందని మార్చినవాళ్ళున్నారు.

బ్యాటరీ బాగుంటే స్టీరింగ్ కింద తడమండి. పాత యజమాని పెట్టించుకున్న టర్బో టైమరో (తాళం తీసినా ఇంజన్‌ను కాసేపు నడిపించేది), దొంగల అలారమో తప్పకుండా తగులుతుంది. దాని రిమోట్ జపాన్‌లోనే ఉండిపోయి ఉంటుంది. దాన్ని పీకి, ఇగ్నిషన్ వైర్లు ఫ్యాక్టరీలో ఉన్నట్టు కలిపేయండి.

బూస్ట్ ఎక్కగానే పవర్ పోతోంది

బూస్ట్ అంటే టర్బో ఇంజన్‌లోకి అదనంగా తోసే గాలి ఒత్తిడి. ముందు ఒక్క విషయం తేల్చుకోండి. ఇంజన్ తెగి తెగి నడుస్తోందా, లేక నున్నగానే నడుస్తూ మందగిస్తోందా?

తెగి తెగి నడిస్తే, కుదుపులుంటే, అది మిస్‌ఫైర్. పాతబడిన కాయిళ్ళు, ప్లగ్ గ్యాప్. గ్యాప్ 0.8 మిల్లీమీటర్లకి తగ్గించి చూడండి. తేడా కనిపిస్తే కాయిళ్ళు మార్చుకోండి. ఇందులో చెప్పడానికి ఇంకేం లేదు.

కుదుపు లేకుండా మందగిస్తూ, లోపలెక్కడో రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు గలగల వినిపిస్తే కాలు వెంటనే యాక్సిలరేటర్ మీంచి తీసేయండి. అది నాక్, అంటే సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి తనంతట తానే పేలడం. మిస్‌ఫైర్‌తో నెల తిరిగినా ఇంజన్‌కి ఏం కాకపోవచ్చు. నాక్ అలా కాదు, గట్టిగా తొక్కిన ఒక్క సాయంత్రం చాలు.

గలగల ఎందుకొస్తుంది

నా ఆర్32 వచ్చినప్పుడు ట్యాంకులో పావు వంతు లోపే పెట్రోలుంది. ఓడ ఎక్కించేటప్పుడు అంతే ఉంచమంటారు. ఆ పెట్రోలుతోనే పోర్టు నుంచి ఇంటికొచ్చాను, రెండు రోజులు వీధుల్లో తిప్పాను. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. మూడో రోజు బంకులో ప్రీమియం నింపాను. ఆ సాయంత్రం హైవే ఎక్కే చోట మూడో గేరులో తొక్కితే, నాలుగున్నర వేల ఆర్‌పీఎం దగ్గర సన్నగా గలగల. సైలెన్సర్ మోతలో సరిగ్గా వినపడలేదు. హీట్ షీల్డ్ వదులైందనుకున్నాను. కింద దూరి రెండు బోల్టులు బిగించాను కూడా. మర్నాడు పొద్దున చల్లగాలిలో నడిపితే చప్పుడు లేదు, నా రోగనిర్ధారణ నిజమైందని సంబరపడ్డాను.

ఎండెక్కాక మళ్ళీ మొదలైంది. ఈసారి బంకువాడు కల్తీ పోశాడనుకుని వేరే బంకుకి వెళ్ళాను. తర్వాత కాయిళ్ళు, ఆ తర్వాత పంపు. ఇలా మూడు వారాలు గడిచాక కంప్రెషన్ (సిలిండర్ గాలిని నొక్కి పెంచగలిగే ఒత్తిడి) చూస్తే ఐదు సిలిండర్లు 150 పీఎస్ఐకి అటూఇటూ ఉన్నాయి, ఆరోది 95. పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగింది.

అప్పుడు విప్పాను ఈసీయూ. ఎడమవైపు ప్రయాణికుడి కాళ్ళ దగ్గర, తలుపు పక్క ప్లాస్టిక్ పలక వెనక ఉంటుంది. డబ్బా ఫ్యాక్టరీదే, లేబులూ ఫ్యాక్టరీదే. మూత తీస్తే లోపల ఒక చిప్ సాకెట్‌లో కూర్చుని ఉంది, దానిమీద చిన్న కాగితం ముక్క, పెన్నుతో రాసిన నాలుగు జపనీస్ అక్షరాలు. ఆ తర్వాత గ్లవ్ బాక్స్‌లో కారు పుస్తకం వెనక్కి మడిచిపెట్టిన డైనో (కారు పవర్ కొలిచే యంత్రం) కాగితం దొరికింది. దానిమీద బూస్ట్ 1.0 అని చేతిరాత. ఆ కాగితం మొదటిరోజు నుంచీ అక్కడే ఉంది.

జరిగిందేమిటంటే, జపాన్‌లో స్పోర్ట్స్ కార్లకి పోసేది హయోకు. అంటే హై ఆక్టేన్, నాక్‌ను ఎక్కువగా తట్టుకునే పెట్రోలు. అక్కడి ప్రమాణం ప్రకారం కనీసం 96 ఉండాలి, బంకుల్లో 98 నుంచి 100 దాకా దొరుకుతుంది. అది ఆక్టేన్ కొలిచే రీసెర్చ్ పద్ధతి అంకె. అమెరికా పంపు మీద ఉండే 91, 93 అలాంటివి కావు, అవి రీసెర్చ్, మోటార్ అనే రెండు పద్ధతుల సగటు. ఇక్కడి 93ని అక్కడి లెక్కలోకి మారిస్తే 97, 98 వస్తుంది. కాలిఫోర్నియాలాంటి చోట్ల ప్రీమియం అంటే 91, అది 95, 96 మించదు. కాబట్టి 100కీ 93కీ మధ్య ఏడు అంకెల తేడా ఉందని భయపడక్కర్లేదు, ఉన్నది రెండు నుంచి ఐదు. కానీ జపాన్‌లో ఆ చిప్‌లో ప్రోగ్రాం రాసినవాడు 100 పోసి, అది మోయగలిగిన చివరి అంచుదాకా టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ ఇచ్చే క్షణం) ముందుకు జరిపాడు. ఆ అంచు మీద రెండు అంకెలు తగ్గినా ఇంజన్ గలగలమంటుంది. పైగా ఫ్యాక్టరీ ఈసీయూ నాక్ విని టైమింగ్ వెనక్కి తగ్గిస్తుంది. చిప్ మార్చినవాళ్ళలో కొందరు ఆ తగ్గే పద్ధతిని తీసేస్తారు.

కారు పైకి ఫ్యాక్టరీదానిలాగే ఉంటుంది, వేలం షీటులోనూ ఈ చిప్ ఊసు ఉండకపోవచ్చు. పాత పెట్రోలు ఉన్నన్నాళ్ళూ జబ్బు బయటపడదు. అది అయిపోగానే నేరం ఇక్కడి బంకు మీదికో, మొన్న మార్చిన పార్టు మీదికో పోతుంది.

ఎలా పట్టుకోవాలి

మొదట ఈసీయూ మూత. చిప్ బోర్డుకి నేరుగా అతికి ఉంటే ఫ్యాక్టరీది. సాకెట్, అదనపు బోర్డు, చేతిరాత, వీటిలో ఏది కనిపించినా మార్చినట్టే.

తర్వాత బూస్ట్. ఆర్32 ఫ్యాక్టరీ బూస్ట్ సుమారు 0.7 బార్. బూస్ట్ సొలెనాయిడ్‌కి (బూస్ట్‌ను అదుపు చేసే కరెంటు వాల్వు) వెళ్ళే గొట్టంలో చిన్న లోహపు బిళ్ళ ఒకటి ఉంటుంది, ఆ గొట్టానికి పసుపు గుర్తు ఉంటుంది. బిళ్ళ తీసేస్తే పైసా ఖర్చు లేకుండా బూస్ట్ 0.9 దాటుతుంది. అందుకే జపాన్‌లో కుర్రాళ్ళు మొదట పీకేది దాన్నే. ఆర్32, ఆర్33 ఫ్యాక్టరీ టర్బోల ఎగ్జాస్ట్ వైపు చక్రాలు సిరామిక్‌వి. ఒక బార్ దాటించి నడిపితే పగులుతాయి. పాత గేజ్ మీద "1 కేజీ" అని కనిపిస్తే అది దాదాపు 14 పీఎస్ఐ అని గుర్తుపెట్టుకోండి.

మూడోది టైమింగ్. ఐడిల్‌లో 20 డిగ్రీలకి రెండు అటూఇటూ ఉండాలి. కాయిల్ నేరుగా ప్లగ్ మీద కూర్చునే ఇంజన్ కాబట్టి, ఒకటో కాయిల్‌కీ ప్లగ్‌కీ మధ్య ఒక మామూలు ప్లగ్ వైరు పెట్టి, దానికి టైమింగ్ లైటు తగిలించండి. చిప్ ఫ్యాక్టరీదే అయినా, క్యామ్ సెన్సర్‌ను చేత్తో కాస్త తిప్పి టైమింగ్ పెంచిన కార్లు నాకు రెండు తగిలాయి.

ప్లగ్గులు తీసి భూతద్దంతో తెల్ల పింగాణీ చూడండి. దానిమీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలో, మెరిసే అల్యూమినియం నలుసులో కనిపిస్తే నాక్ మొదలై చాన్నాళ్ళయింది. అప్పుడు కంప్రెషన్ చూడకుండా ఒక్క మైలు కూడా నడపకండి.

అనుమానం ఇంకా తీరకపోతే ట్యాంకు ఖాళీ చేసి, సీసం లేని 100 ఆక్టేన్ రేస్ పెట్రోలు పోసి చూడండి. గలగల ఆగిపోతే ఇక వెతకడం ఆపేయొచ్చు.

ఏం చేయాలి

ఈ రోజుకి బూస్ట్ కంట్రోలర్ తీసేసి, బిళ్ళ తిరిగి పెట్టి, సగం మించి తొక్కకుండా నడపండి. కారుని ఉన్నదున్నట్టు ఆస్వాదిస్తే చాలనుకునేవాళ్ళు ఫ్యాక్టరీ ఈసీయూ ఒకటి కొని బిగించుకోవడం నయం, అన్నిటికన్నా తక్కువ ఖర్చు కూడా. పవర్ కావాలంటే మీరు రోజూ పోసే పెట్రోలుతోనే, మీ ఊరి వేడిలోనే, డైనో మీద కొత్తగా ట్యూన్ చేయించుకోండి. ట్యూనర్ దగ్గరికి రేస్ పెట్రోలు నింపుకుని వెళ్ళి, ఇంటికొచ్చి 91 పోసుకుంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది. అలా చేసినాయన ఇప్పటికి రెండు ఇంజన్లు కట్టించాడు.

ఆక్టేన్ బూస్టర్ సీసాలు నమ్ముకోకండి. "30 పాయింట్లు పెంచుతుంది" అని రాసి ఉంటే చాలా సీసాల మీద పాయింటంటే పదో వంతు, అంటే 91 కాస్తా 94 అవుతుంది, అదీ సీసాలో చెప్పిన కొలతకి మించి ట్యాంకు పెద్దది కాకపోతే.

ఆర్32కే పరిమితం కాదు ఇదంతా. సిల్వియా, సూప్రా, ఇంప్రెజా, ల్యాన్సర్ ఎవల్యూషన్, దేని చిప్ అయినా ఇంతే. ఆర్ఎక్స్-7 ఉన్నవాళ్ళు మాత్రం ఈ తనిఖీలన్నీ మొదటి ట్యాంకు అయిపోకముందే చేయండి. రోటరీ ఇంజన్‌లో నాక్ వస్తే సీళ్ళు అక్కడికక్కడే పోతాయి, గలగల వినే టైము కూడా ఉండదు.

చిల్లర సమస్యలు

ట్రాక్ మీద 180 కిలోమీటర్ల దగ్గర గొంతు నొక్కినట్టు ఆగిపోతే అది జబ్బు కాదు, ఫ్యాక్టరీ పెట్టిన వేగ పరిమితి. అక్కడ ఆగకుండా దూసుకుపోయిందా, ఎవరో చెయ్యి పెట్టారని అర్థం, వెంటనే ఈసీయూ చూడండి. మురికి ఇంజెక్టర్లు, చిరిగిన టర్బో గొట్టం, చచ్చిపోయిన నాక్ సెన్సర్, ఇవీ ఉంటాయి, కానీ పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్ళండి.

తీసేసిన పాత చిప్‌ను పారేయకండి. చిన్న డబ్బీలో వేసి, దానిమీద ఛాసిస్ నంబరూ, పక్కన "100 పెట్రోలుకి మాత్రమే" అనీ రాసి గ్లవ్ బాక్స్‌లో ఆ డైనో కాగితం పక్కనే పెట్టండి. రేపు మీ దగ్గర కారు కొనేవాడు మూత తెరవకపోయినా, కనీసం ఆ డబ్బీ అయినా తెరుస్తాడు.