ఆపదలో అజమాయిషీ – 3వ పాఠం: ఒకరి చేతికింద ఎంతమంది?

ముందు నిలబడే మనిషిని ఎలా ఎంచుకోవాలో క్రితం పాఠంలో చూశాం. ఇప్పుడు ఆ మనిషికి ఎంతమంది ఫోన్ చెయ్యాలో చూద్దాం.

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు మేం 22 మందిమి సాయానికని సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర దిగాం. అందరం ఒక్కరికే ఫోన్ చేసేవాళ్లం, ఆయన ఫోను ఎప్పుడు చూసినా బిజీ. ఒక వీధికి పులిహోర పొట్లాలు మూడుసార్లు వెళ్లాయి. పక్క వీధిలో డాబా మీంచి ఒకావిడ ఖాళీ పాలసీసా ఊపుతూ నిలబడింది. పాలపొడి డబ్బాలు ఫ్లైఓవర్ కింద మా ఆటోలోనే ఉన్నాయి, పడవలో ఉన్నవాళ్లకి ఆ సంగతి తెలీదు. ఆ సీసా నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

1970లో కాలిఫోర్నియా అడవుల కార్చిచ్చులప్పుడూ ఇదే తంతు: ఒక్కో అధికారికి లెక్కకు మించి మనుషులు, తలా ఒక పరిభాష. ఆ దెబ్బతోనే, ఆపదలో ఎవరు ఎవరికి చెప్పాలో తేల్చే ‘ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్’ పుట్టింది. అందులో ఒకరి చేతికింద ముగ్గురి నుంచి ఏడుగురి దాకా ఉండొచ్చు, ఐదుగురైతే మేలు. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో దీన్నే మన పాలనకు తగ్గట్టు మలిచి మార్గదర్శకాలిచ్చింది. జిల్లాలో బాధ్యత కలెక్టరుది. ఆయన కింద ఇన్సిడెంట్ కమాండర్, ఆ కింద మూడు విభాగాలు: ఆపరేషన్స్, ప్లానింగ్, లాజిస్టిక్స్.

మన భాషలో చెప్పాలంటే పడవ ఎక్కేవాళ్లు, కాగితం పట్టేవాళ్లు, సరుకు చూసేవాళ్లు. నాయకుడికి ఈ మూడు జట్ల పెద్దలే ఫోన్ చెయ్యాలి.

కాగితం పట్టేవాళ్ల గురించి ఒక మాట. అందరూ నడుంలోతు నీళ్లలో ఉంటే ఒకడు పెన్ను పట్టుకు కూర్చోవడం మనకి తప్పుగా తోస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ ఏ వీధికి ఏం చేరిందో, ఆటోలో ఏం మిగిలిందో రాసేవాడు ఆ రోజు ఒక్కడుంటే ఆ పాలపొడి అక్కడికి చేరేది. జనం తక్కువున్నా సరే, ఆ పని ఎవరికో ఒకరికి అప్పజెప్పి తీరాలి.

అభ్యాసం: మీ అపార్ట్‌మెంట్‌లో సాయానికి వచ్చేవాళ్ల పేర్లు రాయండి. ప్రతి పేరు పక్కన, ఆ మనిషి ఎవరికి చెప్పాలో ఒక్క పేరే రాయండి. రెండుంటే ఒకటి కొట్టెయ్యండి. ఏ పేరైనా ఐదుసార్లకు మించి వస్తే ఆ జట్టుని రెండు చెయ్యండి. చివరగా, ప్రతి జట్టు పెద్ద నిద్రపోయే వేళ ఆ ఫోను ఎవరి దగ్గర ఉంటుందో కూడా రాయండి.