విలువలు రాసుకునే ముందు బాస్కెట్‌బాల్ కోచ్‌కు కొన్ని జాగ్రత్తలు

జట్టును ఏ విలువలతో నడుపుతారో కాగితం మీద పెట్టాలనుకుంటే, ఓడిపోయిన రోజు రాత్రి ఆ పనికి కూర్చోవద్దు. ఆ కోపంలో 'క్రమశిక్షణ' తప్ప మరో మాట తోచదు. తల్లిదండ్రుల సమావేశానికి వారం ముందు మంచి సమయం.

• అరువు మాటలు వద్దు. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ వుడెన్, గెలుపుకు కావాల్సిన గుణాలను మెట్లుగా పేర్చిన తన 'విజయ పిరమిడ్'ను 1934లో మొదలుపెట్టి 1948లో ముగించాడు. దాన్ని గోడకు అతికించినంత మాత్రాన అది మీది కాదు.

• ప్రతి విలువకూ ఒక ఇరకాటం ఊహించండి. 'అందరికీ అవకాశం' అని రాశారు, సరే. ఆఖరి క్వార్టర్, రెండు పాయింట్ల వెనుకంజ. కోర్టులో ఐదుగురు, బెంచీ మీద ఏడుగురు. ఇంకా ఆడని పిల్లను దింపుతారా? 'లేదు' అనిపిస్తే ఆ మాట కొట్టేయండి, లేదా దింపడానికి సిద్ధపడండి. నేనైతే ఇక్కడే రెండు రోజులు ఆగిపోయాను.

• వయసు చూసుకోండి. మినీ బాస్కెట్‌బాల్‌లో పన్నెండేళ్ల లోపు పిల్లల కోసం రింగునే 3.05 మీటర్ల నుంచి 2.60కి దించుతారు. మన అంచనాలు మాత్రం పైనే వేలాడుతుంటాయి.

• 'గౌరవం' రాసేముందు, కిందటి మ్యాచ్‌లో రిఫరీపై ఎలా అరిచారో సహాయ కోచ్‌ను అడగండి. పిల్లలను అడిగితే అనుకరించి మరీ చూపిస్తారు.

• విలువలు నాలుగుకు మించొద్దు.

• చిత్తుప్రతిని ముందు ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు నవ్విన చోట గుర్తు పెట్టుకోండి.