ఉబ్బసం పంపు వాడే పిల్లల ఎముకలు: ఇంట్లో ఏం చూసుకోవాలి

మా బాబుకి ఉబ్బసానికి రోజూ పీల్చే స్టెరాయిడ్ పంపు (ఇన్‌హేలర్) రాసినప్పుడు మా అత్తయ్యగారు "ఎముకలు గుల్లబారిపోతాయంట, ఆపెయ్యమ్మా" అన్నారు, నేనూ భయపడి ఆపేశాను. అప్పుడు మా కోనసీమలో నూర్పులు, ఊరంతా ధాన్యం దుమ్ము. రెండు వారాలు తిరక్కుండానే అర్ధరాత్రి పిల్లికూతలతో వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లాం, అక్కడ అయిదు రోజులు స్టెరాయిడ్ సిరప్ పట్టాల్సొచ్చింది. ఎముకలకి నిజంగా ఇబ్బంది అదేనని తర్వాత తెలిసింది.

పంపులో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, సిరప్పులో, మాత్రల్లో మిల్లీగ్రాముల్లో ఉంటుంది, అదీ రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. తక్కువ, మధ్యస్థ మోతాదు పంపు వల్ల పిల్లల ఎముకలు బలహీనపడతాయని గట్టి ఆధారం లేదు, మాటిమాటికీ సిరప్ పడితేనే భయం. ఎత్తు మాత్రం కాస్త తగ్గొచ్చు. అమెరికాలో కొన్నేళ్లపాటు రోజుకి 400 మైక్రోగ్రాముల బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ మందు పీల్చిన పిల్లలు పెద్దయ్యాక సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువున్నారని 2012లో తేలింది. రాత్రంతా ఊపిరాడక కూర్చున్న పిల్లాణ్ణి చూశాక నాకైతే అది పెద్ద లెక్క అనిపించలేదు.

కాబట్టి మీ అంతట మీరు పంపు ఆపొద్దు, తగ్గించొద్దు. మూడు నెలలు ఆయాసం లేకుండా గడిస్తే "మోతాదు తగ్గించొచ్చా?" అని డాక్టరుగారినే అడగండి.

పంపుని స్పేసర్‌తోనే (పంపుకి తగిలించే గొట్టం లాంటి డబ్బా) ఇవ్వండి, లేకపోతే మందు చాలావరకు నోట్లో, గొంతులో అంటుకుని కడుపులోకి పోతుంది. బాగా ఊపి, ఒక్కసారే నొక్కి, అయిదారుసార్లు నెమ్మదిగా పీల్చనివ్వాలి, రెండో పఫ్ ఉంటే మళ్లీ ఊపి మొదలుపెట్టాలి. తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మించండి, మాస్కుతో ఇస్తే మొహం కూడా తుడవండి. మేం పళ్లు తోముకునే ముందు ఇస్తాం, ఇక మర్చిపోయే పనే లేదు.

తిండి విషయానికొస్తే, ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి రోజుకి 650 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. గ్లాసు పాలల్లో సుమారు 240 ఉంటుంది. మిగతాది పెరుగు, రాగిజావ, మునగాకు పప్పు, నువ్వుల చిమ్మిలి, ముల్లుతో సహా తినే మెత్తళ్ల పులుసు ఇస్తాయి. మనం మూడు పూటలా అన్నమే పెడతాం, అందులో కాల్షియం బహు తక్కువ. పాలు తాగితే ఆయాసం పెరుగుతుందని మానిపించేవాళ్లున్నారు, పాలు పడని పిల్లలైతే తప్ప అలా చేయకండి. ఎండలో ఆడనివ్వండి, పరుగూ గెంతులే ఎముకని గట్టి చేస్తాయి. ఆడేటప్పుడు ఆయాసం వస్తుంటే ఆట మానిపించకుండా డాక్టరుకి చెప్పండి.

ఆర్నెల్లకోసారి చెప్పులు లేకుండా గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచి, తేదీతో నోటుబుక్కులో రాయండి. దాని పక్కనే స్టెరాయిడ్ సిరప్ ఎన్నిసార్లు పట్టారో కూడా రాయండి, వరసగా అయిదు రోజులు పట్టినా అది ఒకసారి కిందే లెక్క. ఏడాదిలో రెండుసార్లు పట్టాల్సొచ్చినా ఉబ్బసం అదుపులో లేనట్టే, ఆ పేజీ తీసుకెళ్లి డాక్టరుగారికి చూపించి, ఎముకల గురించీ విటమిన్ డి గురించీ అప్పుడే అడగండి.