కణాన్ని బట్టీ పట్టకుండా చూసి నేర్చుకోవడం ఎలా

కణం బొమ్మ గీయమంటే చాలామంది టకటకా గీసేస్తారు, మైటోకాండ్రియా, గాల్జీ, రైబోజోములు అని బాణాలు వేసి పేర్లు కూడా పెట్టేస్తారు, అదే మైక్రోస్కోప్ ముందు కూర్చోబెడితే ఇందులో కణం ఏది అని అడుగుతారు. బొమ్మలో అన్నీ కొట్టొచ్చినట్టు పెద్దగా పక్కపక్కనే ఉంటాయి కదా, అందుకే వస్తుంది ఈ ఇబ్బంది. నేను చెప్పేదేంటంటే ముందు కంటికి కనపడేవి చూడండి, అవి ఏం పని చేస్తాయో చిన్న ప్రయోగంతో తేల్చుకోండి, కనపడనివి ఆ తర్వాత. స్కూల్ ల్యాబ్‌లో ఉండే మామూలు మైక్రోస్కోప్ సరిపోతుంది.

మొదలు ఉల్లిపాయతోనే. కండగా ఉన్న ఒక రేకు తీసుకుని విరిస్తే లోపలి వైపు, అంటే గుంటగా ఉన్న వైపు, పల్చటి పొర ఊడి వస్తుంది, దాన్ని వెంటనే నీళ్ళల్లో వేసేయండి, లేకపోతే ఎండిపోయి చుట్టుకుపోతుంది. గోరంత ముక్క కత్తిరించి స్లైడ్ మీద నీటి చుక్కలో మడత లేకుండా పరచండి, ఒక చుక్క అయోడిన్ వేయండి, కవర్ స్లిప్‌ని ఒక అంచు ఆనించి ఏటవాలుగా మెల్లగా దించండి. ధబీమని పడేస్తే గాలి బుడగలు వస్తాయి, అవి నల్లటి మందపాటి అంచుతో గుండ్రంగా ఉంటాయి, కొత్తవాళ్ళు వాటినే కణాలనుకుని గీసేస్తుంటారు. ఎప్పుడైనా తక్కువ పెద్దగా చూపించే లెన్స్‌తోనే మొదలుపెట్టాలి, 40ఎక్స్ ఆబ్జెక్టివ్ (స్లైడ్ వైపు ఉండే లెన్స్, 40 రెట్లు పెద్దగా చూపిస్తుంది) పెట్టాక పెద్ద స్క్రూ అస్సలు తిప్పకూడదు, చిన్నదే తిప్పాలి, లేకపోతే లెన్స్ వెళ్ళి స్లైడ్‌కి కొట్టుకుంటుంది.

ఇటుకలు పేర్చినట్టు కనపడే ఆ గీతలు కణకవచాలు, అంటే కణాల గోడలు. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో చూసి కణాలని పేరు పెట్టినవి కూడా ఇలాంటి గోడల మధ్య గదులే, కాకపోతే ఆయన చూసినవి లోపల ఏమీ లేని చచ్చిపోయిన గదులు. మీ స్లైడ్‌లో ప్రతి గదిలో గోధుమ రంగు చుక్క ఒకటి ఉంటుంది చూడండి, అది కేంద్రకం, డీఎన్ఏ ఉండేది అందులోనే. చాలా కణాల్లో అది మధ్యలో కాకుండా ఒక అంచుకి నొక్కుకుని ఉంటుంది, ఎందుకంటే మధ్యలో చోటంతా రిక్తిక అనే పెద్ద నీటి సంచి ఆక్రమించేసి ఉంటుంది. వెలుతురుతో ఆహారం తయారుచేసే ఆకుపచ్చ హరితరేణువులు మాత్రం వెతక్కండి, ఉల్లిగడ్డ మట్టిలో పెరుగుతుంది, వెలుతురు లేని చోట వాటితో పని లేదు. అవి చూడాలంటే నీళ్ళల్లో పెరిగే హైడ్రిల్లా మొక్క ఆకు ఒకటి నీటి చుక్కలో పెట్టి కాసేపు వెలుతురులో ఉంచి చూడండి, పచ్చటి రేణువులు అంచుల వెంబడి మెల్లగా కదులుతూ పోతుంటాయి, నిజానికి కదిలేది వాటిని మోసుకెళ్ళే కణద్రవ్యం, అంటే కణం లోపలి జిగట ద్రవం. కణం బతికున్నదని ఇంత స్పష్టంగా చెప్పే దృశ్యం ఇంకోటి లేదని నా నమ్మకం.

సైజు కూడా కొలవండి, ఇది చాలామంది వదిలేస్తారు. 4ఎక్స్ ఆబ్జెక్టివ్ కింద పారదర్శకంగా ఉండే స్కేలు పెట్టి కనపడే వృత్తం అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లో చూడండి, 4.5 వచ్చిందనుకుందాం, 10ఎక్స్‌కి మారిస్తే రెండున్నర రెట్లు తగ్గి 1.8 అవుతుంది, అందులో పొడవుగా ఆరు కణాలు పట్టాయంటే ఒక్కోటి 0.3 మిల్లీమీటర్లు, అంటే 300 మైక్రోమీటర్లు. ఈ అంకె గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, కణత్వచం, అంటే కణం లోపలి పదార్థాన్ని చుట్టి ఉండే పల్చటి పొర. ప్లాస్మా పొర అన్నా అదే. దీని మందం 10 నానోమీటర్ల లోపే (వెయ్యి నానోమీటర్లు ఒక మైక్రోమీటర్), మన మైక్రోస్కోప్‌కి కనపడదు, పైగా మొక్క కణంలో అది టైరు లోపల ట్యూబ్‌లాగా కణకవచానికి అతుక్కుని ఉంటుంది. కనపడకపోయినా దాని పని చూడొచ్చు. ఈసారి ఎర్ర ఉల్లిపాయ తీసుకుని రేకు బయటి వైపు ఊదా రంగు పొర ఒలవండి, అయోడిన్ వేయకూడదు, వేస్తే కణాలు చచ్చిపోతాయి, ఉత్త నీళ్ళతోనే స్లైడ్ చేయండి. ఊదా రంగు రిక్తికలో ఉంటుంది కాబట్టి గదులు నిండా రంగుతో కనపడతాయి. 100 మిల్లీలీటర్ల నీళ్ళల్లో 5 గ్రాముల ఉప్పు కలిపి కవర్ స్లిప్‌కి ఒక పక్క చుక్క వేసి, రెండో పక్క టిష్యూ పేపర్ ఆనిస్తే ఉప్పునీళ్ళు కిందికి లాగబడతాయి. కన్ను తీయకుండా చూస్తూ ఉండండి, కొన్ని నిమిషాల్లో రంగు ముద్ద ముడుచుకుంటూ గోడ నుంచి విడిపోతుంది, రంగు కూడా ముదురుతుంది. ఆ ముద్ద అంచే కణత్వచం. ఉప్పు గోడ దాటి లోపలికొచ్చింది కానీ త్వచం దగ్గర ఆగిపోయింది, నీళ్ళు మాత్రం బయటికెళ్ళిపోయాయి, ద్రవాభిసరణ అంటే ఇదే. ఆలస్యం చేయకుండా అదే పద్ధతిలో మంచినీళ్ళు లాగితే కణం మళ్ళీ ఉబ్బి గోడకి ఆనుకుంటుంది. గోడ అన్నింటినీ రానిస్తుంది, త్వచం ఎంచుకుని రానిస్తుంది, ఈ తేడా ఇలా చూసినవాళ్ళు ఇక మర్చిపోరు.

జంతుకణానికి ఆ గోడే ఉండదు. టూత్‌పిక్ మొద్దు వైపుతో బుగ్గ లోపల మెల్లగా రాసి స్లైడ్ మీద 0.9 శాతం ఉప్పునీటి చుక్కలో కలిపి మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు వేయండి. అంత శాతమే ఎందుకంటే మన కణాల లోపలి సాంద్రతకి అది సరిపోతుంది, ఎర్ర రక్తకణాల్ని ఉత్త నీళ్ళల్లో వేస్తే ఆపే గోడ లేక ఉబ్బి పగిలిపోతాయి. బుగ్గ కణాలు పల్చగా, అంచులు మడతపడి, మధ్యలో ముదురు నీలం కేంద్రకంతో ఉంటాయి. వాటి మీద అతుక్కుని చిన్న చిన్న నీలం చుక్కలు కనపడితే అవి ఎక్కువగా నోట్లో ఉండే బ్యాక్టీరియా, అవి కూడా కణాలే, కేంద్రకం లేని కణాలు, అంత తేడా ఒకే స్లైడ్‌లో దొరుకుతుంది. అయ్యాక స్లైడ్‌ని బ్లీచ్ నీళ్ళల్లో వేయండి, ఒకరి టూత్‌పిక్ ఇంకొకరు వాడొద్దు.

ఇక కనపడనివి. కాంతి మైక్రోస్కోప్ ఎంత మంచిదైనా 0.2 మైక్రోమీటర్లకంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీసి చూపించలేదు, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ 25 నానోమీటర్లు, అంటే మీరు కొలిచిన 300 మైక్రోమీటర్ల ఉల్లి కణం పొడవునా 12,000 రైబోజోములు వరసగా పట్టేస్తాయి. వీటిని విడివిడిగా బట్టీ కొట్టకుండా ఒక ప్రోటీన్ వెంట నడవండి. క్లోమంలో ఇన్సులిన్ తయారయ్యే కణం తీసుకోండి, కేంద్రకంలో డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ నకలు తయారై రంధ్రం గుండా బయటికొస్తుంది, దాన్ని రైబోజోమ్ చదివి ప్రోటీన్ గొలుసు అల్లుతుంది, ఆ గొలుసు అంతర్జీవ ద్రవ్యజాలం అనే పొరల గొట్టాల వల లోపలికి దూరి మడత పడుతుంది, అక్కణ్ణుంచి చిన్న సంచిలో, ప్రోటీన్లని సర్ది పంపే గాల్జీకి వెళ్తుంది, ఇంకో సంచిలో కణత్వచం దాకా వచ్చి బయటికి పడుతుంది. ఈ దారిని కణ శాస్త్రవేత్త జార్జ్ పలాడే క్లోమ కణాల్లోనే, అక్కడ తయారయ్యే జీర్ణ ఎంజైముల మీద, రేడియోధార్మిక అమైనో ఆమ్లాలు పెట్టి అంచెలంచెలుగా పట్టుకున్నారు, 1974లో నోబెల్ పంచుకున్నారు. ఈ పనులన్నింటికీ శక్తి ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది, దాన్ని ఎక్కువగా తయారుచేసేది మైటోకాండ్రియా. ఏటీపీని 1929లో కార్ల్ లోమన్ కనుక్కున్నారు, విడిగా సైరస్ ఫిస్కే, మన యల్లాప్రగడ సుబ్బారావు గారు కలిసి కూడా కనుక్కున్నారు.

దారి అర్థమయ్యాక ఏ కణం పేరు విన్నా ఇది చేసే పనేంటి, దానికి ఏ భాగం ఎక్కువ కావాలి, ఏది లేకపోయినా నడుస్తుంది అని అడిగి చూడండి. గుండె కండర కణం ఆగకుండా పని చేయాలి, మైటోకాండ్రియా కిక్కిరిసి ఉంటాయి. మనిషి ఎర్ర రక్తకణం పూర్తిగా ఎదిగాక అందులో కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేవు, ఆ చోటంతా హీమోగ్లోబిన్‌కే, మోసుకెళ్ళే ఆక్సిజన్‌ని తను ఖర్చు పెట్టుకోదు, అయితే పాడైన ప్రోటీన్ల బదులు కొత్తవి చేసుకునే వీల్లేదు కాబట్టి దాదాపు 120 రోజులే బతుకుతుంది.